మంగతాయారా, ఓదెలా?

తెనాలి,
9 ఫిబ్రవరి 1969

అండాలూ,

నీకు చెప్పకుండానే వచ్చేశాం. ఒకటో తారీకు శనివారం సాయంత్రం తార్నాకలో మా గేటు మీద ఎవరో బొగ్గుతో "వెళ్లిపోండి" అని రాశారు. ఆదివారం పొద్దున్నే ముందుగది కిటికీ అద్దం పగిలింది. నాన్న ఆఫీసుకి సెలవు పెట్టి సోమవారం రైలుకి మమ్మల్ని ఇక్కడ మావయ్య ఇంటికి తీసుకొచ్చేశారు. అమ్మ పచ్చడి జాడీలైతే మోయించింది గానీ, నా గ్రామఫోను, పాటల ప్లేట్ల పెట్టె మాత్రం "బరువు, తర్వాత చూద్దాం" అంది. తాళంచెవి ఎదురింటి దానయ్య గారికిచ్చాం. రైల్వేలో పనిచేసి రిటైరైన పెద్దాయన, నువ్వూ చూశావు కదా. రిక్షా ఎక్కుతుంటే వీధి మొత్తంలో ఆయనొక్కడే బయటికొచ్చి నిలబడ్డాడు. "నేనున్న గదమ్మా, మీ ఇల్లు ఏడికి పోతది" అన్నాడు.

మనిద్దరం ఎం.ఏ. మొదటి సంవత్సరం పరీక్షలు ఎప్పుడు రాస్తామో, అసలు రాస్తామో లేదో దేవుడికే తెలియాలి. నా బాధ అది కాదు. జనవరి ఇరవై తొమ్మిదిన ఆర్ట్స్ కాలేజీలో జరగాల్సిన మన డిబేట్ ఈ తెలంగాణ గొడవల్లో జరగలేదు. "ఒక్క గొంతుతో పాడి, కాలం మీద చెరగని ముద్ర వేసినవారెవరు?" ఎంత మంచి విషయం! నెలరోజులు లైబ్రరీలో పోట్లాడుకుని తయారయ్యాం. నువ్వు మీ ఓదెలు పక్షం, నేను మా మంగతాయారు పక్షం. హాలు లేకపోతేనేం, పోస్టాఫీసు ఉంది. నేను మొదలెడుతున్నాను, రాసుకో.

మా అమ్మమ్మ కాలంలో సంసారుల ఆడపిల్ల గొంతెత్తి పాడితే తప్పు. వల్లూరి మంగతాయారు ప్లేటు తాతయ్య కొని తెచ్చి హాల్లో పెట్టారు. మగవాళ్లు కుర్చీల్లో కూర్చుని వింటుంటే అమ్మమ్మ తలుపు వెనక నిలబడి నేర్చుకుంది. ఆ పాటలే అమ్మ అదే హాల్లో హార్మోనియం పెట్టుకుని పాడింది. నేనేమో కాలేజీ స్టేజీ ఎక్కాను. తలుపు వెనక నుంచి స్టేజీ దాకా మూడు తరాల ఆడవాళ్లను నడిపించిన గొంతు అది. నీ ఓదెలు ఎవరినైనా ఇంత దూరం నడిపించాడా? చెప్పు.

వెంకటేశం ఎలా ఉన్నాడు? మీ తమ్ముడు లేకపోతే ఈ మావయ్య పిల్లల్ని నవ్వించడం నావల్ల కావడం లేదు.

నీ
వైదేహి


లాలాపేట,
2 మార్చి 1969

వైదేహీ,

నీ ఉత్తరం చూసి ఏడ్చి, తర్వాత ఓదెలు మీద నువ్వు వేసిన ప్రశ్న చూసి కోపం తెచ్చుకున్నాను. కోపమే నయమనిపించింది.

హాస్టలు మూసేశారు. లాలాపేటలో వెంకటేశం అద్దెకున్న గదికి వచ్చాను. వాడు బి.ఎస్సీ. మొదటేడు, చదవడానికి కాలేజీ లేదు, చెయ్యడానికి పనీ లేదు. వండేది నేను, పాడేది వాడు.

ముందుగా ఒక మాట. మీ గేటు మీద బొగ్గుతో రాసిందెవరో నాకు తెలియదు. మా వాళ్లే అయ్యుంటారు. నాకు సిగ్గుగా ఉంది. కానీ ఇక్కడివాళ్లకని చెప్పిన కొలువులు ఇక్కడివాళ్లకు ఇమ్మని అడగడం న్యాయమేనని కూడా అనుకుంటున్నాను. రెండూ ఒకే మనసులో పెట్టుకోవడం కష్టంగా ఉంది వైదేహీ. ఎవరితో చెప్పినా నువ్వు ఎటువైపని అడుగుతున్నారు. నీకొక్కదానికే చెప్పగలుగుతున్నాను.

ఇప్పుడు ఓదెలు. ఇంటిపేరు ఎవరికీ తెలియదు. ఫోటో లేదు, ప్లేటు లేదు. వాద్యం కూడా లేదు, తొడ మీద దరువు వేసుకుంటూ ఊరూరా తిరిగి పాడేవాడు. మా అవ్వ, అంటే మా అమ్మ, పన్నెండేళ్లప్పుడు దొర ఇంటికి వెట్టికి పోయిందట. నెత్తి మీద ధాన్యం గంపలతో జనం వరుసగా నడుస్తుంటే ఓదెలు దారి పక్కన కూర్చుని పాట ఎత్తుకున్నాడు. ముందు ఒక ముసలాయన గంప దించాడు. తర్వాత అందరూ దించారు. పాట అయిపోయింది. ఎవరూ మళ్లీ గంప ఎత్తలేదు, ఆ ఒక్క పూట. మర్నాడు అందరికీ దెబ్బలు పడ్డాయి, వెట్టి మళ్లీ మొదలైంది. కానీ గంప దించవచ్చని వాళ్లకు తెలిసిపోయింది. మా అవ్వ నన్ను చదివించింది ఆ ధైర్యంతోనే. నీ మంగతాయారు నడిపించింది స్టేజీ దాకా. నా ఓదెలు నన్ను యూనివర్సిటీ దాకా నడిపించాడు.

ఇంకొకటి. నెలరోజులుగా ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద మా వెంకటేశంతో సహా వేలమంది ఆయన బాణీలోనే కొత్త మాటలు కట్టి పాడుతున్నారు. అది ఓదెలుదని వాళ్లలో పదిమందికైనా తెలియదు. ఎవరిదో మరిచిపోయేంతగా అందరిదీ అయిన పాట కంటే పెద్ద ముద్ర ఏముంటుంది?

వెంకటేశం పక్కనుంచి రాయమంటున్నాడు: "అక్కా, గా వైదేహక్కకు రాయి. తాయారమ్మ పాట ఇనిపిస్త ఇనిపిస్త అనుకుంట పులిహోర పెట్టి పంపింది. పాట ఇనకుంట నేనెట్ల తీర్పు చెప్పాలె?"

వాడిని తీర్పరిగా ఎవరు పెట్టారో నాకు తెలియదు.

అండాలు


తెనాలి,
20 ఏప్రిల్ 1969

అండాలూ,

గంపల కథ చదివాను. బాగా కొట్టావు.

ఇక్కడ నా సంగతి విను. నేను "ఏంది" అన్నా, "పరేషాన్" అన్నా మావయ్య పిల్లలు పడీ పడీ నవ్వుతారు. వీధిలో నా పేరు "నైజాం పిల్ల". అక్కడేమో గేటు మీద వెళ్లిపొమ్మన్నారు. ఏ ఊరికి వెళ్లమన్నారో అదీ రాసుంటే బాగుండేది. నాన్న ఇటువైపు బదిలీకి అర్జీ పెట్టుకున్నారు. నాకు ఆ మాట వింటేనే అన్నం దిగడం లేదు.

వాదనకొస్తాను. వెంకటేశం అన్నది నిజం, వినకుండా తీర్పు ఎలా చెబుతాడు? నువ్వు కూడా నేను కూనిరాగాలు తీస్తే విన్నావు తప్ప ఆవిడ గొంతు వినలేదు. నా పెట్టెలో అన్నిటికంటే అడుగున పసుపుపచ్చ అట్టతో ఒక ప్లేటు ఉంటుంది. ఆవిడకు పాతికేళ్లుగా హార్మోనియం వాయించినాయన చనిపోయాక, ఆ నెలలోనే రికార్డు చేసిందట. ఇంకొకరిని పెట్టుకోనందట. రెండో వైపు మొత్తం ఒంటి గొంతు, ఏ వాద్యమూ ఉండదు. చివరి చరణంలో ఆవిడ ఒకచోట ఆగుతుంది. వాద్యం వినిపించాల్సిన చోటు అది. ఏమీ వినిపించదు. మళ్లీ ఎత్తుకుంటుంది. అది విన్నాక కూడా నీకు ఓదెలే గొప్ప అనిపిస్తే ఓటమి ఒప్పేసుకుంటాను.

దానయ్య గారిని అడిగితే తాళం తీస్తారు. వెళ్లి విను. నీ మీద ఒట్టు, వినకుండా నాకు జవాబు రాయకు.

వైదేహి


లాలాపేట,
28 మే 1969

వైదేహీ,

జవాబు ఆలస్యమైంది. బయట ఎప్పుడు ఏమవుతుందో తెలియక గదిలోనే ఉంటున్నాం. పరీక్షలు మళ్లీ వాయిదా వేశారు.

నీ ప్లేటు సంగతి వెంకటేశం పట్టుకున్నాడు. ఆదివారం కాస్త సద్దుమణిగితే తార్నాక పోయి విని, మాటలు కాయితం మీద రాసుకొస్తాడట. నేనూ వెళ్లాలి గానీ, ఓదెలు పక్షాన నీకు పెద్ద జవాబు తయారు చేస్తున్నాను. పన్నెండు కారణాలు. గెలిచే ముందు ప్లేటు వినడం న్యాయమని ఒప్పుకుంటున్నాను, వాడి చెవులతోనైనా సరే.

అండాలు


తెనాలి,
18 జూన్ 1969

అండాలూ,

పేపర్లో హైదరాబాదు కాల్పుల వార్తలు చదివాను. మీరు క్షేమమా? ఒక్క కార్డు ముక్క రాయి. వాదన అక్కర్లేదు, పన్నెండు కారణాలూ అక్కర్లేదు. వెంకటేశాన్ని గది దాటనివ్వకు. మెట్ల మీద పాటలు కొన్నాళ్లు ఆపమని నా మాటగా చెప్పు.

వైదేహి


జనగామ,
6 జూలై 1969

వైదేహీ,

నేను క్షేమంగా ఉన్నాను. గది ఖాళీ చేసి మా అవ్వ దగ్గరికి వచ్చేశాను. ఇకమీదట ఈ చిరునామాకే రాయి.

ప్లేటు విన్నాడు. దానయ్య గారు తాళం తీసి ఇచ్చారట. మంగతాయారుకు నువ్వు చెప్పినంత ముద్ర ఉందని ఒప్పుకుంటున్నాను. నా పన్నెండు కారణాలు చించేశాను.

వెంకటేశం ఊళ్లోనే ఉన్నాడు. అవ్వ దగ్గరే.

ఎండలు తగ్గలేదు. ఇంకా వాన పడలేదు.

అండాలు


తెనాలి,
10 ఆగస్టు 1969

అండాలూ,

బతికించావు! నీ కార్డు వచ్చేదాకా అమ్మ నాచేత రోజూ దీపం పెట్టించింది. మీరిద్దరూ ఊరు చేరారని తెలిసి ఆ రాత్రి నిద్రపోయాను.

అయితే ఇంత సులువుగా ఒప్పుకుంటావనుకోలేదు. నాకు గెలిచినట్టే లేదు. గెలుపు గెలుపే కాబట్టి వదులుకోను, మావయ్య పిల్లలకు జీళ్లు పంచాను. కానీ నువ్వు ఒక్క వాక్యంలో ఓడిపోవడమేమిటి? ఎండల గురించి రాశావేమిటి? నీకు ఒంట్లో బాగాలేదా?

ఇందులో ఇంకో చిన్న కవరు పెట్టాను, అది వెంకటేశానికి. చివరి చరణంలో ఆవిడ ఆగినచోట వాడికేమనిపించిందో రాయమన్నాను. నువ్వు విప్పకు. తీర్పరి ఉత్తరం తీర్పరికే చెందుతుంది.

ఒక చేదు కబురు. నాన్నకు గుంటూరు బదిలీ అయింది. తార్నాక ఇల్లు ఖాళీ చేసేస్తున్నాం.

వైదేహి


జనగామ,
7 సెప్టెంబరు 1969

వైదేహి గారికి,

మీ ఉత్తరం చేరింది. వెంకటేశం పేర మీరు పంపిన కవరు కూడా చేరింది. నేను విప్పలేదు. విప్పవలసినవాడు లేడు.

జూన్ ఒకటో తారీకు, ఆదివారం. నేను గదిలో కూర్చుని మీకు జవాబు రాసుకుంటున్నాను. తొమ్మిదో కారణం దగ్గర ఉన్నాను. "నువ్వు రాసుకో అక్కా, నేను పోయి ఇనొస్త. వచ్చినంక బువ్వ తింట" అన్నాడు. పొమ్మన్నాను. కాయితం, పెన్సిలు నేనే ఇచ్చాను.

తిరిగి వస్తుండగా దారిలో ఊరేగింపు, దాని మీద లాఠీలు, ఆ తర్వాత కాల్పులు. వాడు ఊరేగింపులో లేడు. రోడ్డు దాటుతున్నాడు. గుండు మెడ కింద తగిలిందని ఆసుపత్రిలో చెప్పారు. నేను వెళ్లేసరికే అయిపోయింది. చొక్కా జేబులోంచి తీసి కాయితం నా చేతికిచ్చారు. మీ పాట మాటలు రెండు చరణాలు ఉన్నాయి. మిగిలింది తడిసిపోయింది.

వాడు ఊళ్లోనే ఉన్నాడని రాశాను. అది అబద్ధం కాదు. మా చెల్క పొలం గట్టు మీద, మా అయ్య సమాధి పక్కన ఉన్నాడు.

ఊరేగింపులో ఉండి పోయుంటే మా అవ్వకు చెప్పుకోవడానికి ఒక మాట ఉండేది. వచ్చినవాళ్లందరూ అదే అడిగారు, "ఉద్యమంలో పోయిండా?" అని. అవ్వ నా మొహం చూసింది. పాట వినడానికి పోయి పోయాడని ఎలా చెప్పను? అవుననే చెప్పాను. వాడి పేరు ఇప్పుడు గోడల మీద ఉంది. చదివిన ప్రతిసారీ నా అబద్ధం నాకే కనిపిస్తుంది.

మూడు నెలలు ఎందుకు దాచానని మీరు అడుగుతారు. మీరు ప్రతి ఉత్తరంలో వాడెలా ఉన్నాడని అడిగేవారు. అలా అడిగేవాళ్లు ఈ లోకంలో ఇంకెవరూ మిగల్లేదు. అందరికీ తెలిసిపోయింది. తెనాలిలో ఒక్కచోట వాడు బతికే ఉన్నాడు. దాన్ని నా చేత్తో తుడిచెయ్యడానికి మనసొప్పలేదు. ఈసారి మీరు జీళ్లు పంచానని రాశారు.

మీరు వెళ్లి వినమని ఒట్టు పెట్టారు. నేను వాడిని పంపాను. ఎవరి తప్పు ఎంతో నాకు తేలడం లేదు. తేలేదాకా నాకు రాయవద్దు.

ఇట్లు,
అండాలు


తార్నాక,
12 అక్టోబరు 1969

అండాలూ,

రాయవద్దన్నావు. రాస్తున్నాను. ఇది చదివి చింపెయ్యి.

నీ ఉత్తరం చదివి ఎవరితోనూ చెప్పలేదు. వారం తర్వాత అమ్మ నా దిండు కింద చూసి చదివింది. అమ్మే నాన్నతో, "సామాను కోసం వెళ్లేటప్పుడు దీన్ని తీసుకెళ్లండి. అక్కడికి వెళ్లకపోతే ఇది మళ్లీ మనిషి కాదు" అంది. నిన్న వచ్చాం.

దానయ్య గారు నన్ను చూసి లోపలికి వెళ్లిపోయారు. చాలాసేపటికి బయటికి వచ్చి అరుగు మీద కూర్చున్నారు. ఆయన చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను. ఇందులో ఒక్క మాట నాది కాదు.

"పన్నెండింటికొచ్చిండమ్మా. తాళం తీసిన. నాకు గా మిషిన్ తిప్పుడు రాదు, ఆయనే తిప్పుకున్నడు. ఒక్కసారి ఇన్నడు. మల్ల ఇన్నడు. మూడోసారి పెట్టి గోడకు ఆనుకొని కండ్లు మూసుకున్నడు. నేను మజ్జిగ తెచ్చిచ్చిన. తాగి, నవ్వుకుంట అన్నడు, 'తాతా, మా అక్క ఓడిపోయింది. గా తాయారమ్మ మామూల్ది కాదు. గని ఇంటికి పోయి గీ మాట చెప్ప. మా అక్క నెల సంది రాస్తున్నది పాపం, చిన్నబోతది. ఓదెలే గెల్చిండు అని చెప్త' అన్నడు. బయట లొల్లి ఇనవడ్తున్నది, జర ఆగు బిడ్డా అన్న. 'అక్క బువ్వ పెట్టుకొని కూసుంటది తాతా' అన్నడు. నేను చెయ్యి పట్టుకొని ఆపకపోతిని."

ఆయన కూడా తప్పు తనదేనంటున్నారు అండాలూ.

నేను ఎల్లుండి జనగామ వస్తున్నాను. నాన్న తోడు వస్తున్నారు. నువ్వు తలుపు తీయకపోయినా సరే, మీ అవ్వకు నిజం చెప్పి వెళ్లిపోతాను. వాడు పాట వినడానికి వెళ్లాడనీ, వెళ్లమన్నది నేననీ. ఆ అబద్ధం నువ్వొక్కదానివే ఎందుకు మోయాలి?

వైదేహి


విశ్వవిద్యాలయం, మహిళా వసతిగృహం,
3 డిసెంబరు 1969

వైదేహీ,

నువ్వు వచ్చిన రోజు నేను లోపలి గదిలోనే ఉన్నాను. నీకు తెలిసే ఉంటుంది. మీ నాన్నగారు చెప్పులు విడిచి వాకిట్లో తలవంచుకుని నిలబడటం తలుపు సందులోంచి చూశాను. నువ్వు అవ్వ ముందు నేల మీద కూర్చుని అంతా చెప్పావు. ఒక్క ముక్క దాచలేదు. అవ్వ అరుస్తుందని, నిన్ను తిడుతుందని ఎదురుచూశాను. తిట్టాలని కోరుకున్నాను. అవ్వ "పొద్దున సంది ఏమన్న తిన్నవా బిడ్డా?" అని అడిగింది. అప్పుడు అవ్వ మీద నాకు పట్టరానంత కోపం వచ్చింది.

నువ్వు వెళ్లాక మూడు రోజులు అవ్వతో మాట్లాడలేదు. నాలుగో రోజు కల్లం దగ్గర తనే అంది, "గా పిల్ల ఏం జేసిందే? పాట ఇనుమన్నది. గంతే గద. నువ్వేం జేసినవ్? పోయి రమ్మన్నవ్. పాటకు పోయినోణ్ని గుండు గొట్టినోడు ఎవడో, వాడు అన్నం తింటున్నడు. మీరిద్దరు తినకుంట సస్తున్రు." ఆ మాట అని, కూర్చుని, జూన్ నుంచి మొదటిసారి గట్టిగా ఏడ్చింది. నేనూ ఏడ్చాను. నీ దగ్గర నిజం వినేదాకా అవ్వ ఏడవలేదు వైదేహీ. పేరు గోడల మీద ఉన్న కొడుకు కోసం ఏడవకూడదని ఎవరో చెప్పారట.

మన వాదన గురించి ఒకటి చెప్పాలి. నూరేళ్లు నిలిచే గొంతు ఎవరిదని నెలల తరబడి కొట్లాడుకున్నాం. ఓదెలు బాణీ ఈ ఆవరణలో ఇప్పటికీ వినిపిస్తోంది. మంగతాయారు ప్లేటు మీ ఇంట్లో ఉంది. వాడు నన్ను "అక్కా" అని పిలిచే గొంతు మాత్రం ఆరు నెలలకే నాకు సరిగా జ్ఞాపకం రావడం లేదు. మాటలు గుర్తున్నాయి, గొంతు జారిపోతోంది. అన్నం తింటూ ఆగిపోతాను, వినిపిస్తుందేమోనని. మొన్న నీ ఉత్తరంలో దానయ్య తాత చెప్పిన మాటలు పైకి చదువుకున్నాను. "చిన్నబోతది" అన్నచోట ఒక్క క్షణం వినిపించింది. మళ్లీ చదివితే వినిపించలేదు.

నిన్ను క్షమించానని రాయలేను. నన్ను నేను క్షమించుకున్నానని కూడా రాయలేను. తప్పుల లెక్క తేలేదాకా రాయవద్దన్నాను. అది తేలదు.

క్లాసులు మళ్లీ మొదలయ్యాయి. సగం మంది రాలేదు. నాకు హాస్టల్లో గది ఇచ్చారు. ఇద్దరి గది. రెండో మంచానికి ఇంకా ఎవరి పేరూ రాయలేదు, ఈ నెల పదిహేను దాకా ఆగుతానని వార్డెన్ అంది. ఎవరి కోసమని అడిగితే గుంటూరు నుంచి వచ్చే అమ్మాయి అని చెప్పాను. ఆవిడ నన్ను ఒకసారి తేరిపార చూసి రిజిస్టరు మూసేసింది.

నిన్ను రమ్మని బతిమాలడం లేదు. వస్తే నేనెలా ఉంటానో నాకే తెలియదు. కొన్ని రోజులు మాట్లాడకపోవచ్చు. నీ మొహం చూస్తే కోపం రావచ్చు, కారణం లేకుండా గది విడిచి బయటికి పోవచ్చు. నువ్వు ఏమీ అనకుండా పుస్తకం చదువుకుంటూ ఉండు. నేను తిరిగి వస్తాను.

ఇక్కడ వాడిని చూసినవాళ్లు ఉన్నారు, వాడి పాట విన్నవాళ్లూ ఉన్నారు. వాడికి పులిహోర పెట్టినదానివి నువ్వొక్కదానివే.

కిటికీ పక్క మంచం నేను తీసుకున్నాను.

అండాలు